ఆ గిన్నె తిరిగిచ్చే ముందు

ఒరే చిన్నా,

నీ వాట్సాప్ మెసేజి రెండుసార్లు చదివాను. ఫోన్లో తేలే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను.

మీ ఇంటి ఓనరమ్మ మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రి ఎక్కి, అంత క్యూలో నిలబడి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నీకు స్టీలు గిన్నెలో చక్రపొంగలి తెచ్చింది. నువ్వు గుమ్మంలోనే నిలబెట్టి, "విగ్రహాలకు పెట్టింది మేం ముట్టమండీ, మీరూ ఆ చీకట్లోంచి బయటికి రావాలి" అన్నావు. ఆవిడ గిన్నె గట్టు మీద పెట్టేసి మేడెక్కిపోయింది. పది రోజులుగా మాటల్లేవు. గిన్నె నీ దగ్గరే ఉంది. (పొంగలి ఏం చేశావో నేనడగను.)

"సువార్త చెబితే కొందరికి అభ్యంతరం కలుగుతుందని బైబిల్లో పౌలే రాశాడు, నేనెందుకు సారీ చెప్పాలి పెద్దమ్మా" అంటున్నావు. పౌలు రాసింది సిలువ వేయబడిన క్రీస్తు గురించిరా. అది యూదులకు ఆటంకం, అన్యజనులకు వెర్రితనం అన్నాడు. నువ్వు సిలువ దాకా పోనేలేదు. ఆవిడకి గుచ్చుకున్నది నీ నోరు.

అపొస్తలుల కార్యములు పంతొమ్మిదో అధ్యాయం ఒకసారి తియ్యి. ఎఫెసులో అర్తెమి దేవి గుడి విషయమై అల్లరి జరుగుతుంది, రెండు గంటలసేపు ఒకటే కేకలు. చివరికి జనాన్ని సముదాయించినవాడు ఆ ఊరి కరణం. మన తెలుగు బైబిల్లో అచ్చంగా కరణం అనే ఉంటుంది, నాకెప్పుడూ నవ్వొస్తుంది. ఆయన విశ్వాసి కాడు. అయినా పౌలు మనుషుల్ని చూపించి, వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించనూ లేదు అంటాడు. ఆ ఊళ్లో పౌలు రెండేళ్లకు పైగా బోధించాడు, అయినా అవతలివాళ్ల నోటి నుంచి వచ్చిన సాక్ష్యం అది. నీ గురించి మేడమీదావిడ ఆ మాట చెప్పగలదా?

నా సంగతీ చెబుతాను, మీ అమ్మకు కూడా తెలియదు. నర్సుగా చేరిన కొత్తలో, ఏ ఆసుపత్రో ఎందుకులే, కడుపు ఆపరేషనైన ఒకాయన దిండు కింద కరపత్రం పెట్టాను. ఊరికే పెట్టి ఊరుకున్నానా? "ఈయన్ని నమ్ముకుంటేనే నీకు బతుకు" అన్నాను కూడా. మర్నాడు ఆయన భార్య ఆ కాగితం నా చేతిలో పెట్టింది. "సిస్టరుగారూ, సెలైను ఎక్కుతూ కదల్లేని మనిషికి ఇది ఇస్తారా? లేచి తిరిగేటప్పుడు ఇవ్వండి. చదువుతాడో చింపుతాడో ఆయనిష్టం" అంది.

నాకు ఒళ్లు మండింది. ప్రభువు కోసం నిందలు పడుతున్నానని రెండు రోజులు లోలోపల మురిసిపోయాను కూడా. ఆదివారం గుడిలో చందా పళ్లెం నా ముందుకొచ్చేసరికి, బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి ముందు నీ సహోదరునితో సమాధానపడు అన్న మాట తగులుకుంది. సోమవారం వార్డుకు వెళ్లి, "నాది తప్పమ్మా, కానీ మా ప్రభువు ప్రేమతోనే..." అన్నాను. ఆవిడ మొహం తిప్పుకుని బత్తాయి ఒలుచుకుంది. ఆ "కానీ" తీసేసి మంగళవారం మళ్లీ చెప్పాల్సి వచ్చింది. క్షమించానని ఆవిడ అనలేదు. "సెలైను అయిపోవచ్చింది, చూడండి" అంది. అంతే.

కాబట్టి నువ్వు వెళ్లినప్పుడు కానీలొద్దు. "ఆ రోజు మీతో మాట్లాడిన తీరు తప్పండీ. ప్రేమగా తెచ్చినదాన్ని అవమానించాను. క్షమించండి" అను. అక్కడితో ఆగు. నీ విశ్వాసానికి సారీ చెప్పమనడం లేదు, దాన్ని సమర్థించుకోవడానికి అది సమయం కాదంటున్నాను. గిన్నెలో కరపత్రం పెట్టి ఇచ్చేవు సుమా!

ప్రసాదం తినకపోవడం నీ మనస్సాక్షి. మన ఇళ్లలోనే అందరిదీ ఒక పద్ధతి కాదు. మీ తాతయ్య రెండు చేతులతో తీసుకుని పక్కింటి పిల్లలకు ఇచ్చేవాడు. మీ అమ్మ పండక్కి ముందే, "మేం తినమండీ, ఏమనుకోకండి" అని నవ్వుతూ చెప్పేసేది, ఎవరూ ఏమీ అనుకోలేదు. మన క్రిస్మస్ కేకు మాత్రం వాళ్లు తినాలి, వాళ్ల పులిహోర మనం ముట్టం అంటే అవతలివాళ్లకు ఎలా ఉంటుందో కాస్త ఆలోచించు.

రాజ్యాంగం 25వ అధికరణ ప్రకారం మతప్రచారం హక్కని నీ స్నేహితుడు అన్నాడట. నిజమే. ఆ హక్కు మన మతాన్ని వివరించి చెప్పుకోవడానికే, అవతలివాణ్ణి మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టూ చెప్పింది. అయినా చక్రపొంగలి గిన్నె దగ్గర రాజ్యాంగం ఎందుకురా?

ఇంకోటి. ఆవిడ కొడుకు మెట్ల మీంచి "బియ్యం మూటకు మారినోళ్లు" అన్నాడని రాశావు. నాకూ కడుపు మండింది. మీ ముత్తాత ఏ మూట కోసం మారాడు, ఉన్న పాలేరు పనే పోయింది. కానీ ఆ మాట మనసులో పెట్టుకుని మేడెక్కావంటే సారీ నోట్లోంచి వంకరగా వస్తుంది. వెళ్లేముందే ప్రార్థనలో వాణ్ణి క్షమించు. డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడులసార్లు, క్షమించమని ప్రభువు అన్నది ఇలాంటివాళ్ల కోసమే. నువ్వు చెబితే వాడూ సారీ చెబుతాడని లెక్కేసుకోకు.

మరి సువార్త ఎప్పుడు అంటావు. వాళ్లు అడిగినప్పుడు చెప్పు, పేతురు రాసినట్టు సాత్వికంతో. మన గుంటూరుకు అమెరికా మిషనరీ డాక్టరు కుగ్లరమ్మ 1883లో వస్తే ఆసుపత్రి లేచింది 1898లో. నువ్వు ఆ ఇంట్లో దిగి నాలుగు నెలలు.

గిన్నె చింతపండు వేసి తళతళలాడేట్టు తోము. ఖాళీగా ఇవ్వకు, అడుగున కాస్త పంచదార పొయ్యి. సాయంత్రం దీపం పెట్టే వేళ కాకుండా, పొద్దున్నే వెళ్లు.

ప్రార్థనలతో,
పెద్దమ్మ