ఆ రేటింగ్ వేసింది మా ఆయనే

ప్రశ్న: మా ఆయన హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్. టీమ్‌లో ఎనిమిది మంది. ఈ ఏప్రిల్ అప్రైజల్లో ఒకరిని ఆఖరి రేటింగులో పెట్టి తీరాలన్నారట. ఈయన పెట్టింది మా అపార్ట్‌మెంట్లోనే ఉండే స్నేహితుణ్ణి. కారణం ‘కమ్యూనికేషన్ సరిగా లేదు’ అని రాశారు. ‘ఏడేళ్లుగా రోజూ నాతో టీ తాగుతున్నావు, అది ఇప్పుడు తెలిసిందా?’ అన్నాడట అతను. అతనికి హైక్ రాలేదు. అతని భార్య నాతో మాటలు మానేసింది. ఉగాదికి ఆమె బొబ్బట్లు పంపిన స్టీలు డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. మా ఆయన తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నారు, పిల్లల మీద ఊరికే కసురుతున్నారు, ఉద్యోగం మానేస్తానంటున్నారు. ఫ్లాట్ ఈఎంఐ ఇంకా పదకొండేళ్లు కట్టాలి. మానెయ్యమనాలా? ఆమెకు నేనే సర్దిచెప్పాలా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. రెండుసార్లూ ఆ టీ మాట దగ్గరే ఆగిపోయాను. దాని సంగతికి వస్తాను, ముందు ఈ రేటింగుల గోల.

బెల్ కర్వ్ అంటే ఏమిటో మీ ఇంట్లో ఈపాటికి అందరికీ తెలిసే ఉంటుంది. రేటింగుల్లో కొద్దిమంది పైన, ఎక్కువమంది మధ్యలో, కొద్దిమంది అడుగున ఉండి తీరాలనే పద్ధతి. జనరల్ ఎలక్ట్రిక్‌లో అప్పటి అధిపతి జాక్ వెల్చ్ దీన్ని 20-70-10 లెక్కన నడిపాడు, ఆ అడుగు పది శాతం మందిని సాగనంపడమే. వేలమందిని కొలిస్తే అలాంటి గీత రావచ్చు. ఎనిమిది మందిలో ఒకరు పనికిరానివాళ్లై తీరాలని మాత్రం ఏ లెక్కా చెప్పదు. ట్యూషన్లో ఎనిమిది మంది పిల్లలకూ ఎనభై దాటితే ఒకణ్ణి పట్టుకుని ఫెయిల్ చేస్తామా? మైక్రోసాఫ్ట్ 2013లోనే ఈ పద్ధతి వదిలేసింది. వదలని కంపెనీలు ఇంకా ఉన్నాయి, మీ ఆయనది అందులో ఒకటి.

నాణ్యత నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ తన తరగతుల్లో ఒక ఆట ఆడించేవాడు. పెట్టెనిండా పూసలు, అందులో ఐదో వంతు ఎర్రవి, మిగతావి తెల్లవి. యాభై గుంటలున్న చెక్కను ముంచి తీయాలి. తెల్లవి మంచి సరుకు, ఎర్రవి చెడ్డది. ఒకరికి ఏడు ఎర్రపూసలు వస్తాయి, ఇంకొకరికి పద్నాలుగు. ఏడు తెచ్చినవాణ్ణి మెచ్చుకునేవాడు, పద్నాలుగు తెచ్చినవాణ్ణి అందరి ముందూ కడిగేసేవాడు. ముంచేవాడి చేతిలో ఏమీ లేదు, పెట్టెలో ఎర్రపూసలు పోసింది వాడు కాదు. మీ స్నేహితుడి రేటింగులో ఎర్రపూసల వాటా ఎంతో మీ ఆయనకు బాగా తెలుసు. నిద్ర పట్టనిది అందుకే.

నేను కౌన్సెలింగ్‌కు రాకముందు కొన్నేళ్లు ఒక కంపెనీ హెచ్ఆర్‌లో పనిచేశాను. అన్ని టీముల రేటింగులనూ ఆ బెల్ కర్వ్‌కు సరిపెట్టే నార్మలైజేషన్ మీటింగుల్లో కూర్చున్నాను. ఎవరి మేనేజర్ గొంతు పెద్దదైతే వాళ్లు పైకి వెళ్లేవారు. ప్రసూతి సెలవులో ఉన్నావిడ, నోరు లేని మనిషి, మేనేజర్‌కు దగ్గరివాడు కిందికి జారేవారు. దగ్గరివాడెందుకంటారా? ‘వాడైతే అర్థం చేసుకుంటాడులే’ అని. మీ ఆయన కూడా అలాగే అనుకుని ఉంటారని నా అనుమానం. ఎప్పుడైనా మెల్లగా అడిగి చూడండి.

ఇక ఆ టీ మాట. పద్ధతి కంపెనీది, సరే. ‘కమ్యూనికేషన్’ అని రాసిన చెయ్యి మాత్రం మీ ఆయనది. హైక్ పోతే ఒక ఏడాది కష్టంగా గడుస్తుంది. తనలో లేని లోపాన్ని స్నేహితుడే కాగితం మీద పెడితే, రేపటి నుంచి మీటింగులో నోరు తెరిచిన ప్రతిసారీ అతనికి అదే గుర్తొస్తుంది. ఆయన చేసిన నష్టం ఇది. దీన్ని బాగు చేయగలిగింది కూడా ఆయనొక్కరే.

అందుకే ఆయన వెళ్లి మాట్లాడాలి. వాట్సాప్‌లో కాదు, ఆఫీసు క్యాంటీన్‌లోనూ కాదు. ‘నీ పని బాగానే ఉంది. ఒకరిని కింద పెట్టాలన్నారు. నీ కోసం గట్టిగా నిలబడలేకపోయాను. కమ్యూనికేషన్ అన్నది సాకు’ అంటే చాలు. దాని తర్వాత ‘కానీ’ రాకూడదు. ‘వచ్చే ఏడాది నేను చూసుకుంటాను’ అన్న మాట అసలే వద్దు, అది ఆయన చేతిలో లేదు. రేటింగును మళ్లీ చూడమని అడిగే వీలు వాళ్ల కంపెనీలో ఉండి అతను అడిగితే, ఇదే విషయం మీ ఆయన రాసి ఇవ్వాలి. దానివల్ల పైవాళ్లతో ఇబ్బంది రావచ్చు. వస్తుందనే అనుకుని వెళ్లమనండి. ఇంత చేసినా అతను క్షమించకపోవచ్చు కూడా.

ఉద్యోగం సంగతి ఇప్పుడు తేల్చకండి. మూడింటికి లేచి కూర్చున్న మనిషి తీసుకునే నిర్ణయం కాదది. వేరే కంపెనీకి వెళ్లినా మేనేజర్‌గా ఉన్నంతకాలం ఏదో ఒక రూపంలో ఇది ఎదురవుతుంది. మనుషులకు మార్కులు వేయడం ఆయనకు సరిపడకపోతే, మళ్లీ టెక్నికల్ వైపు వెళ్లే దారి ఉందేమో కనుక్కోమనండి. అది దిగజారడమేమీ కాదు. ఉంటానంటే మాత్రం టీమ్‌లో ఎవరు ఏం చేశారో ఈ నెల నుంచే రాసి పెట్టుకోమనండి. ఆ మీటింగుల్లో ‘మంచివాడు సార్’ అంటే ఎవరూ వినరు, తేదీతో సహా పని చూపిస్తే కొంత వింటారు.

నిద్ర ఇలాగే ఇంకో రెండు వారాలు పోతే డాక్టరుకు చూపించండి. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. పిల్లలకు మాత్రం ఈరోజే చెప్పండి, నాన్న కోపం వాళ్ల మీద కాదని.

ఇక మీరు. ఆమెకు సర్దిచెప్పకండి. మీ ఆయన చెప్పాల్సిన మాట మీ నోటి నుంచి వెళితే ఆయన పిరికితనానికి మీరు కూడా కాపలా కాసినట్టవుతుంది. ఆయన వెళ్లొచ్చేదాకా ఆగండి. ఆ తర్వాత ఒక సాయంత్రం ఆ డబ్బా పట్టుకెళ్లండి, ఖాళీగా ఎలాగూ ఇవ్వరు కదా. ఆఫీసు ఊసు మీరెత్తకండి. ఆమె ఎత్తితే, ఆమె చెప్పడం అయ్యేదాకా కూర్చోండి.