ట్రోమ్సోలో డిసెంబరు వాన: ఉత్తర నార్వే వెళ్ళేవాళ్ళ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఉత్తర నార్వే గురించే. టికెట్లు కొనేశారు, హోటళ్ళు బుక్ చేశారు, ఇక అందరికీ ఒకటే టెన్షన్, అక్కడ వాతావరణం ఎలా ఉంటుందని. ట్రోమ్సోలో నాలుగు శీతాకాలాలు గడిపాను కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. అక్కడ 'ఈ ప్రాంతంలో రేపటి వాతావరణం' అనేది ఒకటి ఉండదు. సముద్రం ఒడ్డున ఒకటి, కొండ మీద ఇంకొకటి, లోపలి లోయలో మరొకటి.

డిసెంబరు రెండో వారంలో ట్రోమ్సో వెళ్తున్నాం. ఆర్కిటిక్ వలయానికి పైన కదా అని మైనస్ 30కి సరిపడా బట్టలు కొన్నాం. ఇప్పుడు ఫోన్‌లో చూస్తే ప్లస్ 2, వాన అంటోంది. యాప్ తప్పా?

యాప్ తప్పేం కాదండీ. ట్రోమ్సో 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాకే ఉంది గానీ, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం ఆ తీరం పొడవునా పైకి పోతుంటుంది కాబట్టి రేవు నడిచలికాలంలో కూడా గడ్డకట్టదు, జనవరి సగటు మైనస్ 4 దగ్గరే ఉంటుంది. దాదాపు అదే అక్షాంశం మీద, కాకపోతే సముద్రానికి దూరంగా, కరాష్యోక్ అని ఒక ఊరుంది. నార్వేలో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత అక్కడిదే, 1886 జనవరి 1న మైనస్ 51.4. అంటే ఉత్తరానికి ఎంత దూరం వెళ్ళామన్నది కాదు, సముద్రానికి ఎంత దూరం జరిగామన్నది లెక్క.

కాబట్టి సూచనలో ఉష్ణోగ్రత కంటే ముందు గాలి ఏ దిక్కు నుంచో చూడండి. నైరుతి గాలి అయితే సముద్రపు తడి, వెచ్చదనం రెండూ మోసుకొస్తుంది. ఆగ్నేయం నుంచి వీస్తే లోపలి చలి దిగుతుంది, ఆకాశం తేటపడుతుంది.

అసలు భయపడాల్సింది మైనస్ 30కి కాదు, ఆ ప్లస్ 2కి. తొక్కి తొక్కి గట్టిపడిన మంచు మీద వాన పడి, సాయంత్రానికి మళ్ళీ గడ్డకడితే రోడ్డంతా తడి అద్దంలా అవుతుంది. దానికి వాళ్ళకో ప్రత్యేకమైన పేరే ఉంది, 'హోల్కే'. (మనం ఆకాశం నుంచి రాలేదాన్నీ, గడ్డకట్టినదాన్నీ, పొద్దున్నే పొగలా కమ్మేదాన్నీ కూడా మంచు అనేసి ఊరుకుంటాం. అక్కడ ఆ తేడా తెలియకపోతే నడుం విరుగుతుంది.) నా మొదటి డిసెంబరులో కొత్త బూట్లు వేసుకుని గర్వంగా గడప దాటాను, మూడో అడుగులో వెల్లకిలా పడ్డాను. పక్కనుంచి ఎనభై ఏళ్ళ పెద్దావిడ టకటకమని నడిచి వెళ్ళిపోయింది. ఆవిడ బూట్లకి 'బ్రోడర్' ఉన్నాయి, అంటే చెప్పు కింద తొడుక్కునే రబ్బరు పట్టీ, దానికి ఇనుప మేకులు. దిగిన రోజే అవి కొనుక్కోండి, మిగతా షాపింగ్ తర్వాత.

నార్తర్న్ లైట్స్ టూర్ ఏ రాత్రికి బుక్ చేయాలి? పది రోజుల సూచనలో 14వ తేదీ ఒక్కటే తేటగా ఉంది.

పది రోజుల ముందు కనిపించే ఆ సూర్యుడి బొమ్మని, అదే చంద్రుడి బొమ్మనుకోండి, నమ్మకండి. (అక్కడ నవంబరు చివరి నుంచి జనవరి మధ్యదాకా సూర్యుడు పొడవడు, మధ్యాహ్నం కాసేపు నీలం వెలుతురు మాత్రం ఉంటుంది.) అక్కడివాళ్ళు చూసేది 'ఊర్' సైటు. నార్వే వాతావరణ సంస్థ, ప్రభుత్వ రేడియో టీవీ సంస్థ ఎన్ఆర్‌కే కలిసి 2007 నుంచి నడుపుతున్నాయి. అదైనా రెండు మూడు రోజులు దాటితే మబ్బుల విషయంలో మాట ఇవ్వలేదు. పైగా చలికాలంలో 'పోలార్ లో' అని చిన్న తుపాన్లు పుడుతుంటాయి. ధ్రువపు మంచు మీదనుంచి చల్లగాలి ఒక్కసారిగా గడ్డకట్టని సముద్రం మీదికి వచ్చినప్పుడు, కింద వెచ్చన, పైన చలి, ఆ తేడాతో సుడి తిరుగుతుంది. అడ్డంగా కొన్ని వందల కిలోమీటర్లే, బతికేది కూడా మహా అయితే ఒకటి రెండు రోజులు. అందుకే ముందుగా పట్టుకోవడం కష్టం. నక్షత్రాలు చూస్తూ బయల్దేరిన మనిషికి గంటలో ఎదుటి కారు కనపడకుండా పోతుంది.

అందుకని నా సలహా, ఒక్క రాత్రి కాదు, కనీసం నాలుగు రాత్రులు చేతిలో పెట్టుకోండి, టూర్ మాత్రం ముందురోజు సాయంత్రం సూచన చూసి ఖాయం చేసుకోండి. ట్రోమ్సో అరోరా వలయం (నార్తర్న్ లైట్స్ ఎక్కువగా కనిపించే పట్టీ) కిందే ఉంటుంది కాబట్టి మామూలు రాత్రి కూడా వెలుగులు రావచ్చు, అడ్డొచ్చేది మబ్బే. అక్కడి గైడ్లు మబ్బు పడితే E8 అనే రహదారి పట్టుకుని షీబోత్న్ అనే ఊరి మీదుగా ఫిన్లాండ్ సరిహద్దు వైపు పోతారు. కారణం సింపుల్. మధ్యలో లింగెన్ ఆల్ప్స్ అడ్డు ఉన్నాయి, వాటిలో ఎత్తయిన శిఖరం యెహ్కెవారి 1,834 మీటర్లు. సముద్రపు మబ్బులు ఆ కొండలెక్కుతూ ఉన్న తడంతా ఇవతలే రాల్చేస్తాయి, అవతలి లోయకి మిగిలేది పొడిగాలి. మీరు కొన్న ఆ లావు బట్టలు పనికొచ్చేది ఇక్కడే. తీరంలో మైనస్ 2 ఉన్న రాత్రి అక్కడ మైనస్ 20 ఉన్నా ఆశ్చర్యపోకండి.

కొండ ఎక్కాలని ఉంది. ఊళ్ళో వాతావరణం బాగుంటే సరిపోతుందా?

సరిపోదు. కేబుల్ కారులో 421 మీటర్ల పైకి వెళ్ళి ఫొటోలు తీసుకోవడమే అయితే, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, గాలి దబాయిస్తుంది, అంతే. గాలి మరీ ఎక్కువైతే కేబుల్ కారే ఆపేస్తారు. స్నోషూలు వేసుకుని సొంతంగా ఎక్కుతానంటే మాత్రం 'వార్సోమ్' అనే ప్రభుత్వ సైటులో మంచుచరియల హెచ్చరిక చూడకుండా కదలకండి. 1 నుంచి 5 దాకా అంకెలు. 3 అంటే మధ్యలోనే ఉంది కదా, పర్లేదు అనుకుంటారు చాలామంది. అది పరీక్ష మార్కు కాదు. ప్రమాదాలు ఎక్కువగా జరిగే రోజుల్లో హెచ్చరిక 3 ఉన్న రోజులూ ఉంటాయి, ఎందుకంటే 5 ఉన్న రోజున ఎవరూ బయటికి వెళ్ళరు. నిన్న బాగా గాలి వీచి ఇవాళ ఎండ... కాదు, ఇవాళ తేటగా ఉంటే ఇంకా జాగ్రత్త. గాలి ఎత్తుకొచ్చిన మంచంతా కొండకి అవతలి పక్క పలకలా పేరుకుని, ఒక మనిషి బరువు కోసం చూస్తుంటుంది. 30 డిగ్రీల కంటే ఏటవాలుగా ఉన్న చోటికి, దాని కిందికి కూడా, తెలిసినవాళ్ళు లేకుండా పోవద్దు.

ఫిబ్రవరిలో లోఫోటెన్ దీవుల్లో కారు అద్దెకి తీసుకుంటున్నాం. మంచులో నడపడం కష్టమా?

మంచు కంటే గాలి కష్టం. అద్దె కార్లకి చలికాలం టైర్లు ఉంటాయి. ఉత్తరపు జిల్లాల్లో మేకుల టైర్లకి అక్టోబరు 16 నుంచి ఏప్రిల్ 30 దాకా మామూలుగానే అనుమతి. గాలి మాత్రం సెకనుకి మీటర్లలో చెబుతారు, అందుకే '20' అని చూసి చిన్న అంకె అనుకుంటాం. 3.6తో గుణించండి, గంటకి 72 కిలోమీటర్లు. పక్కనే ఈదురుగాలి అంకె ఇంకోటి ఉంటుంది, వంతెన మీద మిమ్మల్ని పక్కకి నెట్టేది అదే. 2024 జనవరి 31న వచ్చిన 'ఇంగున్' తుపాను ముప్ఫై ఏళ్ళలో అక్కడ వచ్చినవాటిలో బలమైనదని వాతావరణ సంస్థే చెప్పింది. అంతవరకు ఎందుకు, మామూలు గాలికే బోదో రేవు నుంచి లోఫోటెన్‌కి వచ్చే ఫెర్రీలు రద్దవుతాయి. విమానం ఎక్కాల్సిన రోజుకి ముందు ఒక రోజు ఖాళీ వదలండి.

కారు ఆపేటప్పుడు ముక్కు గాలికి ఎదురుగా పెట్టి ఆపండి, తలుపు రెండు చేతులతో పట్టుకుని తెరవండి. వెనకనుంచి గాలి కొడితే తలుపు మడతబందుల దగ్గర వంగిపోతుంది, అద్దెవాళ్ళు వేసే బిల్లు సెలవు మొత్తం గుర్తుంటుంది (స్వానుభవం). కనుమల్లో గాలి ముదిరితే రోడ్డు మూసేసి, మంచు తోసే బండి వెనకాల వరసగా కార్లని పంపిస్తారు. ముందు కారు వెనక లైట్లు కనపడేంత దగ్గరలో ఉండండి, ఓవర్‌టేక్ మాట మర్చిపోండి. రోడ్డు తెరిచి ఉందో లేదో 175కి ఫోన్ చేస్తే చెప్తారు.

జులైలో వెళ్తే ఈ గొడవలేవీ ఉండవు కదా?

చాలావరకు ఉండవు. సగటు 12 డిగ్రీలు, వాన కోటు తప్పదు. మే 20 ప్రాంతం నుంచి జులై 22 దాకా ట్రోమ్సోలో సూర్యుడు అస్తమించడు కాబట్టి అరోరా మాత్రం కనపడదు. కళ్ళకి కట్టుకునే నల్లగుడ్డ మర్చిపోకండి, హోటల్ కర్టెన్ పక్కనుంచి రాత్రి ఒంటిగంటకి ఎండ సరిగ్గా మొహం మీదే పడుతుంది.