తోట దారికి పెద్ద బ్యాటరీ కావాలా?

ప్రశ్న: మాది దామలచెరువు దగ్గర. తిరుపతిలో ఉద్యోగం, ఊళ్లో తోతాపురి మామిడి తోట. వారానికి రెండుసార్లు వెళ్లొస్తాను. 40 కిలోమీటర్లు తారు రోడ్డు, ఆపైన గుట్ట పక్కన 7 కిలోమీటర్ల మట్టిబాట, మధ్యలో ఇసుక వంక. ఎలక్ట్రిక్ కారు కొనాలని ఉంది. 45 యూనిట్ల బ్యాటరీ ఆ బాటకు చాలదని భయం. ₹7 లక్షలు ఎక్కువ పెట్టి, నాలుగు చక్రాలకూ పవర్ అందే పెద్ద మోడల్ తీసుకుంటే డీజిల్ ఆదాతో ఆ డబ్బు తిరిగొస్తుందా?

జవాబు: తిరిగిరాదండీ. డీజిల్ ఆదా చిన్న మోడల్‌తోనే వచ్చేస్తుంది. పైన పెట్టే ₹7 లక్షలు దానికి ఒక్క రూపాయి కూడా కలపవు.

మీ భయం మాత్రం ఉత్తదేం కాదు. ఈ మధ్య ఒక మిత్రుడి 45 యూనిట్ల కారులో అచ్చం మీలాంటి బాటలోనే వెళ్లాను. తారు అయిపోయిన చోట మీటరు చార్జ్ 65 శాతం చూపించింది, తోట గేటు దగ్గర 58. ఏడు కిలోమీటర్లకు నలభై నిమిషాలు పట్టింది, ఏసీ ఆపలేదు. ఇసుకలో చక్రం దిగబడితే మోటారు శ్రమంతా అక్కడే పోతుంది. బండి, మనుషులు కలిపి 1,800 కిలోలుంటే 100 మీటర్ల ఎత్తెక్కడానికే దాదాపు అర యూనిట్ కావాలి. అయితే దిగేటప్పుడు అందులో కొంత బ్యాటరీకి తిరిగొస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే బాటకు 3 శాతమే అయింది. తిరుమల ఘాట్‌లో 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరగడం చూస్తూనే ఉన్నారు కదా.

అంటే మట్టిబాట రానూపోనూ 10 శాతం, నాలుగున్నర యూనిట్లు. తారు మీద 80 కిలోమీటర్లకు ఇంకో పదిహేను. మొత్తం ఇరవై లోపే. ఇంటికొచ్చేసరికి సగానికి పైగా మిగిలే ఉంటుంది.

ఇక డబ్బు. తిరుపతిలో తిరిగేది కూడా కలిపి నెలకు సుమారు 1,100 కిలోమీటర్లు వేశాను. యూనిట్ ₹9 చొప్పున కరెంటుకు ₹2,200, అదే డీజిల్‌కు ₹9,000 దాకా. నెలకు ₹6,800 మిగులు. ఆ అదనపు ₹7 లక్షలకు 9 శాతం వడ్డీతో అయిదేళ్ల ఈఎంఐ ₹14,500! తోట రాబడితో కడదామన్నా, 2025లో తోతాపురి కిలో ₹12 అన్నప్పుడు అందులో ₹4 ప్రభుత్వం కలపాల్సి వచ్చింది, మీకు తెలియనిది కాదు. మామిడి డబ్బు ఏడాదికోసారి, ఈఎంఐ నెలనెలా. అందుకే కాయల సొమ్మును డౌన్ పేమెంట్‌కే పెట్టండి, ఈఎంఐ జీతంలో ఇమడాలి.

కారు లోను వడ్డీకి పన్ను మినహాయింపు ఉందని ఎవరైనా చెబితే ఆశ పెట్టుకోకండి. ఆదాయపు పన్ను సెక్షన్ 80ఈఈబీ కింద అది 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే.

తోటలో బోరు కనెక్షన్ మీద చార్జింగ్ మాత్రం వద్దు. ఆ ఉచిత కరెంటు వ్యవసాయానికిచ్చింది, దొరికితే జరిమానా తప్పదు. బ్యాటరీ ఉండేది బండి అడుగునే కాబట్టి, రాయి తగిలితే, వంక నీళ్లు చేరితే బీమా ఎంతవరకు ఇస్తుందో పాలసీలో చదివి, బ్యాటరీ రక్షణ అదనంగా తీసుకోండి.

అడ్వాన్స్ కట్టేముందు టెస్ట్ డ్రైవ్ బండిని తోటదాకా తెమ్మనండి. బయల్దేరేటప్పుడు, తారు దిగేటప్పుడు, గేటు దగ్గర శాతం రాసుకోండి. వంక ఇసుకలో నిలిపి మళ్లీ కదిలించి చూడండి. రెండు చక్రాల పవర్‌తోనే బయటపడితే చిన్న మోడలే తీసుకోండి.