నాన్న రాసిన తెల్ల కాగితం చెల్లదా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఉద్దానంలో సోంపేట దగ్గర పల్లె. నాన్న పోయి రెండు నెలలైంది. తిత్లీ తుఫానుకు కొబ్బరిచెట్లు పడిపోయిన 2018లో, నోట్‌బుక్ కాగితం మీద తన చేత్తోనే విల్లు రాశారు. ఆయన కొన్న జీడితోట 1.60 ఎకరాలు. అందులో అన్నయ్యకు 60 సెంట్లు, నాకు 60 సెంట్లు. భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన అక్కకు 40 సెంట్లు, పెంకుటిల్లు. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లోనే ఉండాలని కూడా రాశారు. సంతకం పెట్టిన సాక్షులిద్దరిలో ఒకాయన పోయారు. రెండో ఆయనకు 78 ఏళ్లు, ఊళ్లోనే ఉన్నారు. ‘స్టాంపు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఇది చెల్లదు, అయినా ఆడపిల్లకు ఇల్లేమిటి’ అంటున్నాడు అన్నయ్య. అమ్మ సరిగా అన్నం తినడం లేదు. నాన్న మాట నిలబడే దారి ఉందా?

జవాబు: ఉంది తమ్ముడూ. ముందు ఆ మాట అమ్మకు చెప్పి అన్నం తినిపించండి. విల్లుకు స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం అడిగేది రాసినవారి సంతకం, వారి ఎదుట ఇద్దరు సాక్షుల సంతకాలు. నాన్న స్వయంగా తన చేత్తో రాయడం ఇంకా మంచిదైంది.

ఇప్పుడు మీకు అందరికన్నా ముఖ్యమైన మనిషి ఆ 78 ఏళ్ల పెద్దాయన. గొడవ కోర్టుకెక్కితే, బతికున్న సాక్షి వచ్చి ‘నా ఎదుటే సంతకం పెట్టారు, నేనూ పెట్టాను’ అని చెప్పాలి. అందుకే ఆలస్యం చేయకండి. రాసిన మనిషి పోయాక కూడా విల్లును రిజిస్టర్ చేయించుకోవచ్చు, దానికి గడువేమీ లేదు. డెత్ సర్టిఫికెట్, నాన్న సంతకాలున్న పాత కాగితాలు పట్టుకుని, అక్కను, పెద్దాయనను వెంటబెట్టుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లండి. అసలు కాగితాన్ని ఎవరి చేతికీ వదలొద్దు, చూస్తామన్నవాళ్లకు జిరాక్సు చాలు. పాడవుతుందని లామినేషన్ మాత్రం చేయించకండి, రేపు సంతకం పరీక్షకు పంపాల్సి వస్తే కష్టం.

అన్నయ్య ముందు ఒక లెక్క పెట్టండి. విల్లు లేదనే అనుకుందాం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, అన్నయ్య, అక్క, మీరు, నలుగురికీ సమాన వాటా. తోటలో తలా 40 సెంట్లు. అక్క 40 సెంట్లు అలాగే ఉంటాయి, అన్నయ్య 60 సెంట్లు 40కి దిగుతాయి. అంటే ఆ పెంకుటింట్లో పావు వాటా కోసం ఆయన 20 సెంట్ల జీడితోట వదులుకుంటున్నారు. ఆడపిల్ల అన్నంత మాత్రాన వాటా తగ్గదు. ఈ లెక్క పంచాయితీలో పదిమంది ముందు చెప్పకండి, ఆయన పట్టుదలకు పోతారు. అమ్మ పక్కనుండగా ఇంట్లోనే చెప్పండి.

ఒక్కటి చూసుకోండి. తోట నాన్న కొన్నదేనని దస్తావేజులో ఉండాలి. తాతగారి నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే, అందులో తన వాటా వరకే ఆయన విల్లు రాయగలరు.

ఏళ్లు పెంచిన చెట్లు పడిపోయిన ఏడాది, ఆ మనిషి కూర్చుని ముందు కూతురికి నీడ చూశారు. మీరు అక్క పక్కన నిలబడ్డందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

ప్రశ్న: నేను విజయనగరంలో రిటైర్డ్ టీచర్‌ని. నా కళ్లు దానం చేయాలని విల్లులో రాసి బీరువాలో పెట్టాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదు మాస్టారూ. మా అమ్మ కూడా అలాగే రాసి, ట్రంకు పెట్టెలో తన పెళ్లి పట్టుచీర మడతలో దాచింది. పదకొండో రోజు చీర తీస్తుంటే, కలరా ఉండల వాసనతో ఆ కాగితం నా ఒళ్లో పడింది. మూడో వరుసలో ఉంది, ‘నా కళ్లు ఎవరికైనా ఇప్పించండి’ అని. కళ్లు తీసుకోవాల్సింది ఆరు గంటల లోపు. ఎందరివో విల్లులు రాసిన నేను అమ్మను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

విల్లు తీసేది అన్నీ అయిపోయాకే. పైగా, ఆ సమయంలో ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే ఎవరూ కళ్లు తీసుకోరు. అందుకని భార్యకు, పిల్లలకు, పక్కింటివారికి కూడా ఇప్పుడే చెప్పండి. ఐ బ్యాంకు నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ప్రాణం పోగానే ఆ నంబరుకు ఫోన్ చేసి, ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, వాటిమీద తడిదూది వేసి, తల కింద దిండు పెట్టాలని వాళ్లకు నేర్పండి.