హైదరాబాద్ నుంచి సింగపూర్: దూరం ఎంత, ప్రయాణం ఎంతసేపు?

సింగపూర్‌లో కొత్తగా ఉద్యోగం వచ్చినవారు నన్ను ముందుగా అడిగేది ప్రయాణ సమయం గురించే. శంషాబాద్ నుంచి చాంగీ విమానాశ్రయానికి గగనమార్గాన దూరం సుమారు 3,300 కిలోమీటర్లు. బంగాళాఖాతం, అండమాన్ సముద్రం దాటి వెళ్ళే నేరు విమానానికి నాలుగు నుంచి నాలుగున్నర గంటలు పడుతుంది. విశాఖపట్నం నుంచైతే దాదాపు 400 కిలోమీటర్లు తగ్గి, అరగంట కలిసివస్తుంది. వానాకాలంలో దక్షిణ భారతం మీద చాలా ఎత్తున తూర్పు నుంచి పడమరకు బలమైన గాలులు వీస్తాయి కనుక, ఆ నెలల్లో వెళ్ళేటప్పుడు కొన్ని నిమిషాలు ఎక్కువ పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు.

టికెట్ మీద వేసే సమయాలు మాత్రం చాలామందిని తికమకపెడతాయి. బయలుదేరే సమయం మన గడియారం ప్రకారం, దిగే సమయం సింగపూర్ గడియారం ప్రకారం ఉంటాయి. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. రాత్రి 11 గంటలకు ఎక్కి ఉదయం 6 గంటలకు దిగుతామని ఉంటే ఏడు గంటల ప్రయాణమని కంగారు పడకండి, అందులో రెండున్నర తీసేయండి. తిరుగు ప్రయాణంలో రాత్రి 8కి ఎక్కి 10కి దిగినట్టు కనిపిస్తుంది, దానికి రెండున్నర కలపాలి.

ఇంతకన్నా ఖరీదైన పొరపాటు తేదీది. పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా పాత రోజే కాబట్టి, 5వ తేదీ అర్ధరాత్రి 12.20 అని టికెట్‌లో ఉంటే మన పెద్దలు 5వ తేదీ రాత్రి భోజనం చేసి బయలుదేరదామంటారు. అప్పటికి విమానం వెళ్ళిపోయి దాదాపు ఒక రోజు అవుతుంది. మీరు 4వ తేదీ రాత్రి 9 గంటలకల్లా విమానాశ్రయంలో ఉండాలి. ఖమ్మం నుంచి వచ్చేవారికి శంషాబాద్ చేరడానికే ఇంచుమించు విమానంలో గడిపేంత సేపు పడుతుంది. కనుక లెక్క ఇంటి గుమ్మం నుంచి మొదలుపెట్టి, మొత్తం పన్నెండు గంటలు అనుకోవడం మేలు.

కొంత డబ్బు మిగులుతుందని కౌలాలంపూర్ మీదుగానో కొలంబో మీదుగానో రెండు విడి టికెట్లు కొనడాన్ని మొదటిసారి వచ్చేవారికి నేను సిఫారసు చేయను. మధ్యలో పెట్టెలు మీరే తీసుకుని మళ్ళీ అప్పగించాల్సి రావచ్చు, దానికి ఆ దేశంలోకి ప్రవేశానుమతి కావాల్సి రావచ్చు, మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బు పోయినట్టే. ఒకే టికెట్ మీద మారేటట్టయితే ఈ చిక్కులు చాలావరకు ఉండవు.

దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఎస్‌జీ అరైవల్ కార్డు, అంటే సింగపూర్‌కు వస్తున్నట్టు తెలిపే ఫారం, ఆన్‌లైన్‌లో నింపాలి. దీనికి రుసుము లేదు. డబ్బు అడిగే సైట్ల జోలికి పోకండి. ఉద్యోగానికి వచ్చేవారు ఐపీఏ పత్రం (పని అనుమతికి ముందుగా ఇచ్చే సూత్రప్రాయ ఆమోదం) ప్రతిని పెద్ద పెట్టెలో కాకుండా చేతిసంచీలో పెట్టుకోవాలి. ఉదయం ఆరున్నరకు బయటికి వచ్చినా ఇంకా చీకటిగానే ఉంటుంది. 1982 నుంచి సింగపూర్ తన భౌగోళిక స్థానానికి మించి గడియారాన్ని ముందుకు జరుపుకుంది కాబట్టి అక్కడ ఏడు గంటల ప్రాంతంలో తెల్లవారుతుంది. ఆ వేళకు మెట్రో రైళ్ళు నడుస్తూనే ఉంటాయి. చాంగీలో ఎక్కి తానా మెరాలో మారితే నగరంలోకి చేరవచ్చు. పెట్టెలు మూడు దాటితే టాక్సీ తీసుకోండి.