పొట్ట లోపలి కొవ్వు పౌడర్లతో కరుగుతుందా?

ప్రశ్న: నా వయసు 44. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలు. చూడ్డానికి లావుగా ఉండను, పొట్ట మాత్రం ముందుకు వచ్చింది. నడుము కొలత 96 సెంటీమీటర్లు. ఈమధ్య హెల్త్ చెకప్‌లో ఒక మెషీన్ మీద నిలబెట్టి ‘విసెరల్ ఫ్యాట్ ఎక్కువగా ఉంది’ అన్నారు. ట్రైగ్లిజరైడ్లు 210, హెచ్‌డీఎల్ 36, హెచ్‌బీఏ1సీ 6.0 వచ్చాయి. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్-1 ఫ్యాటీ లివర్ అన్నారు. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాను. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, ప్రోబయోటిక్, ఫైబర్ కలిపిన ఒక ‘ఫంక్షనల్ ఫుడ్’ పౌడర్ 12 వారాల్లో ఈ కొవ్వును తగ్గిస్తుందని, పరిశోధనల్లో రుజువైందని ప్రకటన చూశాను. వాడొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగింది పౌడర్ గురించే అయినా, ముందుగా మీ రిపోర్టుల సంగతి మాట్లాడుకోవాలి. నడుము, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్, ఇది తగ్గకూడదు), బీపీ, పరగడుపు షుగర్... ఈ ఐదింటిలో ఏ మూడు హద్దు దాటినా మెటబాలిక్ సిండ్రోమ్ అంటాం, అంటే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెంచే లక్షణాల గుంపు. మీకు మొదటి నాలుగూ దాటాయి. బీపీ మాత్రతో అదుపులో ఉన్నా దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. ఐదోది మీరు రాయలేదు గానీ, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ వ్యాధికి ముందు దశ కిందే లెక్క. ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు. అలాగని భయపడాల్సిన పనీ లేదు. వీటిలో ఎక్కువ భాగం వెనక్కి మళ్లించుకోగల దశలోనే మీరున్నారు.

‘లావుగా లేను కదా, మరి నాకెందుకిలా?’ అని మీకు అనిపించి ఉంటుంది. చర్మం కింద, చేతికి మెత్తగా దొరికే కొవ్వు వేరు. పేగుల చుట్టూ, కాలేయం పక్కన పేరుకునే కొవ్వు వేరు. ఈ రెండోదాన్నే విసెరల్ ఫ్యాట్ అంటాం. దీనిలోంచి విడుదలయ్యే కొవ్వు ఆమ్లాలు, వాపును పెంచే రసాయనాలు పోర్టల్ సిర ద్వారా చాలావరకు నేరుగా కాలేయానికి చేరతాయి. కాలేయంలో కొవ్వు పెరిగేకొద్దీ అది ఇన్సులిన్ మాట వినడం తగ్గుతుంది, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. మీ రిపోర్టులో కనిపిస్తున్నది అదే.

ఈ రెండు కొవ్వుల తేడాను కళ్లకు కట్టిన ప్రయోగం ఒకటుంది. 2004లో వెలువడిన ఆ అధ్యయనంలో 15 మంది స్థూలకాయ మహిళలకు లైపోసక్షన్‌తో పొట్ట చర్మం కింది కొవ్వును ఒక్కొక్కరికి సుమారు 10 కిలోల చొప్పున తీసేశారు. పది పన్నెండు వారాల తర్వాత పరీక్షిస్తే ఇన్సులిన్ పనితీరులో గానీ, బీపీలో గానీ, కొలెస్ట్రాల్‌లో గానీ చెప్పుకోదగ్గ మార్పే లేదు. అన్ని కిలోలు పోయినా లోపలి కొవ్వు అలాగే ఉండిపోయింది మరి. అందుకే బరువు ఒక్కటే చూసి ధీమాగా ఉండకూడదు. మీ బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చూపే లెక్క) 24 దాటింది. ఆసియా వాసుల్లో 23 నుంచే ముప్పు మొదలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే చెప్పారు.

ఆ మెషీన్ చూపిన అంకె గురించి మాత్రం బెంగపెట్టుకోకండి. అది ఒంట్లోకి స్వల్ప విద్యుత్తు పంపి వేసే అంచనా మాత్రమే. నీళ్లు ఎంత తాగారు, ఎప్పుడు తిన్నారు అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. కచ్చితంగా కొలవాలంటే సీటీ గానీ ఎంఆర్ఐ గానీ కావాలి, కానీ మీకు ఆ అవసరం లేదు. టేపు చాలు. కింది పక్కటెముక చివర, తుంటి ఎముక పైఅంచు వేళ్లతో తడిమి చూసుకోండి. ఆ రెండింటికీ మధ్యలో టేపు చుట్టి, పొట్ట లోపలికి పీల్చకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. ప్యాంటు కట్టుకునే చోట కొలిస్తే పొట్ట కిందికి జారినవాళ్లలో తక్కువ చూపించే అవకాశం ఉంది. దక్షిణాసియా మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు హద్దు. నడుము ఎత్తులో సగం దాటకూడదన్నది ఇంకో సులువైన లెక్క. మీ విషయంలో ఆ సగం 85.

ఇక పౌడర్. ‘పరిశోధనల్లో రుజువైంది’ అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. ఎంత రుజువైందన్నదే అసలు ప్రశ్న. ప్రోబయోటిక్‌నే, అంటే మేలు చేసే బ్యాక్టీరియానే తీసుకోండి. లాక్టోబాసిల్లస్ గాసెరి అనే బ్యాక్టీరియాలో ఒక ప్రత్యేక రకాన్ని కలిపి పులియబెట్టిన పాలను జపాన్‌లో 12 వారాలు ఇచ్చి చూశారు. 2010లో వచ్చిన ఫలితాల్లో విసెరల్ కొవ్వు సగటున 4.6 శాతం తగ్గింది. సీటీలో బొడ్డు దగ్గర 120 చదరపు సెంటీమీటర్ల కొవ్వు ఉన్న మనిషికి అది 114, 115 దగ్గరికి వస్తుందన్నమాట. 100 దాటితే ఎక్కువని జపాన్‌లో లెక్క. అంటే 12 వారాలు తాగినా ఆ మనిషి హద్దుకు అవతలే ఉంటాడు. తర్వాత 2013లో వచ్చిన మరో అధ్యయనంలో, వాడకం ఆపిన నాలుగు వారాలకే ఆ లాభం తగ్గుముఖం పట్టింది. పైగా ఒక రకం బ్యాక్టీరియాతో వచ్చిన ఫలితాన్ని డబ్బా మీద ‘ప్రోబయోటిక్’ అని రాసిన ప్రతిదానికీ అంటగట్టడం కుదరదు. మీ పౌడర్‌లో ఏ రకం ఉంది, ఎంత ఉంది అన్నది లేబుల్ మీద లేకపోతే ఆ ప్రకటనకూ ఆ పరిశోధనకూ సంబంధం లేనట్టే.

ఫైబర్ విషయంలో నాకు నమ్మకం కాస్త ఎక్కువ. నీటిలో కరిగే పీచు రోజుకు 10 గ్రాములు ఎక్కువ తిన్నవారిలో ఐదేళ్ల కాలంలో విసెరల్ కొవ్వు పెరిగే వేగం 3.7 శాతం తక్కువగా ఉందని 2012లో ఒక పరిశోధన తేల్చింది. అది తిండి అలవాట్లను గమనించి చెప్పినది కాబట్టి పీచే కారణమని గట్టిగా అనలేం. కానీ ఓట్స్, బార్లీలో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకు 3 గ్రాములు అందితే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుందన్నది బాగా స్థిరపడిన విషయం. ఇందుకు పౌడరే అక్కర్లేదు. పప్పుధాన్యాలు, ముడిధాన్యాలు, కూరగాయలు, పండ్లు పెంచండి. అయితే ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం తప్పదు. కొద్దికొద్దిగా, తగినన్ని నీళ్లతో పెంచుకోండి.

నాకు భయమున్నది గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్‌తోనే. కప్పులో కాచుకుని తాగే గ్రీన్ టీతో ఇబ్బంది లేదు. కానీ దాని సారాన్ని చిక్కబరిచి క్యాప్సూళ్లు, పౌడర్ల రూపంలో తీసుకున్నప్పుడు, అందులోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించితే కాలేయ ఎంజైములు పెరగొచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. మీకు ఇప్పటికే కాలేయంలో కొవ్వుంది. దాన్ని తగ్గించుకోబోయి కాలేయానికే ముప్పు తెచ్చుకోవడం ఎందుకు? బరువు తగ్గించే ఇలాంటి ఉత్పత్తుల్లో గార్సీనియా అనే పండు సారాన్ని కూడా కలుపుతుంటారు. దానితోనూ కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. ‘బిట్టర్ ఆరెంజ్’ అని ఉంటే అది బీపీని, గుండె వేగాన్ని పెంచగలదు. బీపీ మాత్ర వాడే మీరు దాని జోలికే పోవద్దు. కాబట్టి నా సలహా, ఈ పౌడర్ వద్దు.

దాని బదులు ఏం చేయాలంటారా? నడవండి. మామూలుగా కాదు, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంగా. వారానికి కనీసం 150 నిమిషాలు, వీలైతే ఇంకా ఎక్కువ. వంద పైచిలుకు అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2016లో వచ్చింది. బరువు ఏమాత్రం తగ్గకపోయినా, వ్యాయామంతో విసెరల్ కొవ్వు సగటున 6 శాతం తగ్గినట్టు అందులో తేలింది. బరువు కూడా తగ్గితే ఫలితం ఇంకా పెద్దది. వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామాలు కలపండి. క్రంచెస్‌తో పొట్ట కండరం గట్టిపడుతుంది గానీ, అక్కడి కొవ్వు మాత్రమే ప్రత్యేకంగా కరగదు.

తీపి పానీయాలు మానేయండి. రోజుకు ఒక లీటరు కూల్‌డ్రింక్ ఆరు నెలలు తాగినవారిలో కాలేయంలోనూ, పొట్ట లోపలా కొవ్వు పెరిగిందని డెన్మార్క్ పరిశోధకులు చూపించారు. అన్నే పాలు, నీళ్లు తాగినవారిలో అలా జరగలేదు. మద్యం అలవాటు ఉంటే అదీ ఆపండి. నిద్ర సంగతి మీరు రాయలేదు. రెండు వారాలు రోజుకు నాలుగు గంటలే పడుకోనిస్తే ఆరోగ్యవంతుల్లో కూడా విసెరల్ కొవ్వు సుమారు 11 శాతం పెరిగిందని 2022లో ఒక చిన్న అధ్యయనం చెప్పింది. రాత్రి ఏడు గంటల నిద్రను మందులాగే చూడండి. గురక ఎక్కువగా ఉంటే డాక్టర్‌కు చెప్పండి.

మీరు తగ్గాల్సిన బరువు కూడా కొండంత కాదు. మూడున్నర కిలోలు తగ్గినా కాలేయంలోని కొవ్వు బాగా దిగుతుంది. ఈలోగా మీ ఫిజీషియన్‌ను కలిసి పరగడుపు షుగర్, లివర్ ఫంక్షన్ టెస్టులు, ప్లేట్‌లెట్ కౌంట్ చేయించండి. చివరి రెండింటి ఫలితాలకూ వయసు జోడించి ఫిబ్-4 అనే స్కోరు లెక్కిస్తారు. కాలేయంలో మచ్చలు పడుతున్న సూచన ఉందా అన్నది దానితో తెలుస్తుంది. గ్రేడ్-1 అన్న మాట ఆ సంగతి చెప్పదు. బీపీ మాత్ర సొంతంగా ఆపకండి. మూడు నెలలకు లిపిడ్ ప్రొఫైల్, హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించండి. అప్పటికీ అంకెలు కదలకపోతే మందులు అవసరమా అన్నది మీ డాక్టర్ చూస్తారు. ఒకవేళ ఆ పౌడర్ ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపేసి, డబ్బాను కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, వాంతులు పట్టుకున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు వెళ్లండి.