చట్టం అడగకపోయినా ఆమెకు తెలుగు చదవడం నేర్పించండి

ప్రశ్న: మా తమ్ముడి భార్య ఫిలిప్పీన్స్ దేశస్థురాలు, నాలుగేళ్లుగా విశాఖపట్నంలోనే ఉంటోంది. భారత పౌరసత్వానికి ఆమెకు తెలుగు రావడం తప్పనిసరా? ఇంట్లో అందరికీ ఇంగ్లీషు వచ్చు కనుక నేర్చుకోకపోయినా ఫరవాలేదా?

చట్టం సంగతి ముందు చెప్పేస్తాను. భారత పౌరుణ్ణి పెళ్లాడిన విదేశీయురాలు ఏడేళ్లు ఇక్కడ నివసించాక, 1955 నాటి పౌరసత్వ చట్టం ఐదో సెక్షను కింద నమోదుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అందులో భాష గురించిన షరతు లేదు. దీర్ఘకాల నివాసాన్ని బట్టి పౌరసత్వం కోరేవారికి మాత్రం రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏదో ఒకటి తగినంతగా వచ్చి ఉండాలి, వాటిలో తెలుగూ ఒకటి. కాబట్టి మీ మరదలికి తెలుగు తప్పనిసరి కాదు. అయినా నేర్పించమనే అంటాను. మాట్లాడటం కంటే ముందు చదవడం నేర్పించండి.

మా అమ్మ 1954లో రంగూన్‌లో పుట్టింది. తాతగారిది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. బర్మాలో 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, ఆపైన దుకాణాలన్నీ జాతీయం చేయడంతో, 1965లో అందరూ ఓడెక్కి విశాఖ వచ్చి కంచరపాలెం బర్మా క్యాంపులో చేరారు. అమ్మకు అప్పటికి పదకొండేళ్లు. ఇంట్లో మాట్లాడే తెలుగు ధారాళంగా వచ్చేది కాని, రాయడం, చదవడం వచ్చింది బర్మా లిపి ఒక్కటే. ఆ లిపిలో 'వ' అక్షరం అచ్చం మన సున్నలాగే ఉంటుంది. అందుకని ఆవిడ మొదట్లో ఏ బోర్డు మీద సున్న కనిపించినా 'వ' అనే చదివేదట. కంచరపాలెం కాస్తా 'కవచరపాలెవ' అయ్యేది. రెండో తరగతిలో తనకంటే చిన్నపిల్లల పక్కన కూర్చోబెడితే, వాళ్లు ఆ మాటను పాటలా పాడి ఏడిపించేవారట. ఆ ఉక్రోషంతోనే ఏడాది తిరగకుండా చదవడం, రాయడం పట్టేసింది.

మా అమ్మమ్మ మాత్రం నేర్చుకోలేదు. నలుగురితో కలిసిపోవడానికి మాట చాలనుకుంది, కాగితం ఏదైనా వేలిముద్ర వేసేసేది. బర్మావాళ్లకు ఇంటిపేర్లుండవు, ఆడపిల్లల పేరుకు ముందు 'మ' అని, పెద్దవాళ్లైతే 'డా' అని చేరుస్తారు. అమ్మను బడిలో చేర్చినప్పుడు బర్మా కాగితాల్లోని ఆ 'మ'ను ఎవరో గుమాస్తా ఇంటిపేరు తాలూకు పొడి అక్షరం అనుకుని అలాగే ఎక్కించాడు. చదివి చూసుకునేవారు లేక, బడి నుంచి రేషను కార్డుకు, అక్కడి నుంచి తక్కిన అన్నింటికీ ఆ అక్షరం పాకిపోయింది.

దాని ఫలితం 2011లో, మా చెల్లెలి కాన్పుకు సింగపూర్ వెళ్లడానికి పాస్‌పోర్టు తీసుకోవలసి వచ్చినప్పుడు అనుభవించాం. బడి సర్టిఫికెట్‌లో 'మ.', మిగతా చోట్ల కొన్నింట్లో మా నాన్నగారి ఇంటిపేరు, పుట్టిన ఊరు రంగూన్. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ తెమ్మన్నారు. నోటరీ దగ్గర టైపు చేసే కుర్రాడు పది నిమిషాల్లో కాగితం చేతికిచ్చి, సంతకం ఎక్కడో వేలితో చూపించాడు. అమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని, మొదటి పంక్తి నుంచీ పెదవులు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. వెనకాల వరుసలో ఉన్నవాళ్లు గొణిగారు, నేను కూడా "తొందరగా కానీ అమ్మా" అని విసుక్కున్నాను. మూడో పంక్తి దగ్గర ఆగిపోయింది. 'మయన్మార్‌లో జన్మించిన' అని ఉండవలసిన చోట 'మయన్మార్ దేశస్థురాలైన' అని ఉంది. "నాను బర్మాలో పుట్టానన్నాను గాని, బర్మా దాన్నని సెప్పలేదు బాబూ, మల్లీ కొట్టు" అంది. తాతగారు భారత పౌరుడు కావడం వల్ల, తండ్రి ద్వారా సంక్రమించిన పౌరసత్వాన్ని ఆవిడ ఒక్క సంతకంతో తానే చిక్కుల్లో పెట్టుకుని ఉండేది. నేను డిగ్రీ చదివినవాణ్ణి, ఆ కాగితం నా చేతిలోనూ రెండు నిమిషాలుంది, నాకు ఆ తప్పు కనిపించలేదు.

ఇక మన ఊరివాళ్ల గురించి ఒక మాట అనక తప్పదు. ఎవరైనా కష్టపడి తెలుగులో నాలుగు మాటలు కూడబలుక్కుంటే, మనం వెంటనే హిందీలోకో ఇంగ్లీషులోకో దూకి సాయం చేశామనుకుంటాం. మా వీధిలో ఉండే ఒడియా కుటుంబం పదేళ్లయినా తెలుగు నేర్చుకోలేదని విసుక్కునేవాళ్లే, వాళ్లు నోరు తెరవగానే హిందీ అందుకుంటారు. పరాయివాళ్లకు తెలుగు నేర్పుతామనే పుస్తకాలూ అంతే, 'దయచేసి', 'తమరు' అంటూ పూర్ణా మార్కెట్‌లో ఎవరూ అనని మాటలతో నిండి ఉంటాయి. అవి వల్లించుకుని వెళ్లిన మనిషి, కూరగాయలమ్మి "ఏటి కావాలమ్మా" అనగానే బిక్కమొహం వేస్తుంది.

అందుకని మీ మరదలికి పుస్తకం కొనకండి. రోజుకొక కాగితం ఇవ్వండి: కరెంటు బిల్లు, పెళ్లి శుభలేఖ, రేషను డిపో తలుపుకు అంటించిన నోటీసు. తప్పు చదివితే నవ్వండి, ఫరవాలేదు, కాని ఇంగ్లీషులో అర్థం చెప్పేయకండి. ఏడేళ్లు నిండాక ఆమె తరఫున తయారయ్యే ప్రతి తెలుగు కాగితాన్నీ సంతకానికి ముందు ఆమె చేతే పైకి చదివించండి, వెనకాల వరుస ఎంత గొణిగినా సరే.